పక్క మ్యాట్ గంట

హాస్టలు, మూడో అంతస్తు
ఆదివారం

మామయ్యకి,

ఓడిపోయాను. ముందు ఆ ముక్క రాసేస్తే మిగతా ఉత్తరం తేలిగ్గా నడుస్తుందని మొదట్లోనే రాసేశాను. అమ్మకి ఫోన్లో చెప్పాను గనక నీకీపాటికి తెలిసే ఉంటుంది. నీకు ఫోనంటే పడదు కాబట్టి ఉత్తరమే గతి. పైగా అమ్మ చెబితే సగం కథ "పాపం పిల్ల" తోనే అయిపోతుంది.

నా బరువు విభాగంలో జట్టుకి ఒక్కరినే తీసుకుంటారు. సెమీఫైనల్లో నాకు ఎదురుపడింది వంతెన. అసలు పేరు వేరే ఉంది గాని, ఎంత అదిమి పట్టినా నడుం పైకెత్తి లేచిపోతుందని జూడో ఆడే అమ్మాయిలందరం ఆమెని అలాగే పిలుస్తాం. మూడు నిమిషాలు ఒకరి కాలరు ఒకరం పట్టుకుని గుంజుకున్నాం. తర్వాత ఆమె కాలు ముందుకేసింది, నేను తిరిగాను, ఇద్దరం కిందపడ్డాం, పైన నేనున్నాను. నువ్వు నేర్పిన పక్క పట్టు వేశాను. వీపు నేలకానించి ఇరవై సెకన్లు పట్టుకుంటే ఆట నాదే. పద్దెనిమిది దాకా వచ్చాను. అక్కడ చెయ్యి జారింది. నాకు సగం మార్కు ఇచ్చారు. నేను సర్దుకుని లేచేలోగా ఆమె నన్ను భుజం మీదుగా విసిరి పూర్తి మార్కు తీసుకుంది. నా వీపు చప్పుడు హాలు గుమ్మం దాకా వినపడిందట.

రెండు సెకన్లు. పళ్ళు తోముకునేటప్పుడు కూడా అవే లెక్కపెడుతున్నాను.

ఐదు నెలల్లో మళ్ళీ ఎంపిక పోటీ ఉంది. అందులో కూడా ఫైనల్ దాకా రాకపోతే క్లబ్బులో నా చోటు వేరే అమ్మాయికి ఇస్తానని ఈల సార్ ఖాయంగా చెప్పేశారు. ఇక్కడి కోచ్ గురించి ఇదివరకు రాశాను కదా, మెడలో ఈల లేకపోతే చొక్కా లేనట్టు ఇబ్బంది పడే మనిషి. "నీ పాత చదువంతా తీసి గట్టున పెట్టు, మొదటినుంచీ మొదలెడదాం" అన్నారు. ఆ పాత చదువే నన్ను ఇక్కడి దాకా తెచ్చిందని చెప్పబోయాను. ఆయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

రేపటినుంచి మళ్ళీ కళ్ళద్దాల కొట్లో పని. నా గురించి బెంగ పెట్టుకోకు.

నీ
బొంగరం

*

పరుపుల కొట్టు
గురువారం

బొంగరానికి,

ఉత్తరం అందింది. ఓడినందుకు నాకేం కోపం లేదు. ఈ మామయ్య ఎన్నిసార్లు ఓడాడో చెబితే నువ్వు నా దగ్గర నేర్చుకున్నందుకు సిగ్గుపడతావు.

కాని "చెయ్యి జారింది" అన్న చోట ఆగిపోయాను. పదిహేనేళ్ళప్పుడు అదే పట్టుతో నువ్వు నన్ను, ఎనభై కిలోల మనిషిని, దూది పరుపు మీద అదిమితే లేవలేక నువ్వు వదిలేదాకా పడుకున్నాను. అప్పుడు జారని చెయ్యి ఇప్పుడెందుకు జారింది? చేతులకి నూనె రాసుకుని వెళ్ళావా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నువ్వు ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదు, అందుకే అడుగుతున్నాను. ఆ పద్దెనిమిదో సెకనులో నీ మోచెయ్యి ఎక్కడుంది, మోకాలు ఎక్కడుంది, నీ కళ్ళు ఎటు చూస్తున్నాయి, వరసగా రాయి. పరుపు కుట్టు ఊడిందంటే దారం చూడాలి, సూది చూడాలి, కుట్టిన మనిషిని కూడా చూడాలి.

కొట్టు మామూలే. కిందటి వారం ఒకాయన పరుపు మరీ మెత్తగా ఉందని తిరిగి తెచ్చాడు. ఇంకా దూది కూరి ఇస్తే, ఇప్పుడు మరీ గట్టిగా ఉందని మళ్ళీ తెచ్చాడు. తేడా పరుపులో లేదు బాబూ, నీ నడుంలో ఉందని మీ అమ్మ మొహం మీదే చెప్పేసింది.

వెనక గదిలో జూడో నేర్చుకోవడానికి ఇద్దరు కొత్త పిల్లలు చేరారు. మన ఇంటర్వెల్ గంట మొదటిసారి మోగినప్పుడు ఒకడు గోడకి అతుక్కుపోయాడు. మూతపడ్డ సినిమా హాల్లోంచి తెచ్చిన గంట మరి, ఆ మాత్రం ఉండదా. నీకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పాను: పట్టు వేశాక ఇరవై సెకన్లకి గంట మోగుతుంది, మోగిందా, ఊపిరి సగంలో ఉన్నా సరే వదిలెయ్యాలి. వారంలో అలవాటు పడతారు. నీకు మూడు రోజులే పట్టింది.

వివరంగా రాయి.

మామయ్య

*

కళ్ళద్దాల కొట్టు, టీ వేళ
మంగళవారం

మామయ్యకి,

చెమట పట్టింది. చెమటకి జారింది. అంతకన్నా వివరం లేదు, వదిలెయ్.

పని ఎక్కువగా ఉంది. అద్దాన్ని చట్రానికి సరిపడేలా అంచు అరగదీసే మిషన్ దగ్గర వేశారు నన్ను. అరగడం పూర్తి కాగానే మిషన్ టింగుమంటుంది. ఆ క్షణమే చెయ్యి తీసెయ్యాలి, ఒక్క వెంట్రుకవాసి ఎక్కువైనా అద్దం చట్రంలో నిలవదు. రోజుకి ఎనభై సార్లు టింగు, ఎనభై సార్లు చెయ్యి తియ్యడం. ఈమధ్య ఆ టింగు వింటేనే ఒళ్ళు మండుతోంది.

ఈల సార్ నాకు నడక నేర్పుతున్నారు. ఇరవై మూడేళ్ళు వచ్చాక.

అమ్మ చెయ్యి చలికి నొప్పి పెడుతోందా? ఫోన్లో అడిగితే లేదంటుంది.

బొంగరం

*

పరుపుల కొట్టు
శనివారం

అమ్మాయికి,

మీ క్లబ్బువాళ్ళు పెట్టిన వీడియో మీ అమ్మ ఫోన్లో చూశాను. నాలుగుసార్లు చూశాను. పద్దెనిమిదో సెకనులో నీ చెయ్యి జారలేదు. నువ్వే తీశావు. తీసి, తలెత్తి, నవ్వావు కూడా. ఎందుకు నవ్వావో నాకు నాలుగుసార్లూ అర్థం కాలేదు. ఐదోసారి మీ అమ్మ చెప్పింది, పక్క మ్యాట్ మీద గంట మోగిందని. "నీ ఇంటర్వెల్ గంటలాగే ఉందన్నయ్యా" అంది.

అంటే గంట మోగింది, ఇరవై అయిపోయింది, గెలిచేశాననుకున్నావు.

రిఫరీ నోటితో ఆపమనేదాకా వదలకూడదని లోకంలో ప్రతి గురువూ మొదటి రోజే చెబుతాడు. నేను ఒక్కడినే గంటకి వదలమని చెప్పాను. పదహారేళ్ళు చెప్పాను. కాబట్టి ఓడింది నువ్వు కాదు. నన్ను కాపాడటానికి చెమట మీద నెట్టావు, అది నాకు ఇంకా బరువుగా ఉంది.

మీ సార్ చెప్పింది నిజం. నా చదువు గట్టున పెట్టు. ఆయన చెప్పినట్టు నడువు. రేపు గంట దించేస్తున్నాను. పిల్లల్ని కూడా వేరే చోట చేరమని చెబుతాను.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ మామయ్య

*

హాస్టలు, మూడో అంతస్తు
బుధవారం

మామయ్యకి,

"మీ మామయ్య" అట. "అమ్మాయికి" అట. కరెంటాఫీసువాళ్ళు కూడా నాకు ఇంతకన్నా ఆప్యాయంగా రాస్తారు.

నువ్వు ఇలాగే చేస్తావని తెలిసే చెమట అని రాశాను. నిజం చెబితే నింద నెత్తిన పెట్టుకుని, మూల కూర్చుని, గంట దించేస్తావని నాకు తెలుసు. సరిగ్గా అదే చేశావు. ఎలక ఉందని ఇల్లు తగలబెట్టుకుంటారా? గంట దించితే మాట్లాడను. అమ్మకి ఫోన్లో చెప్పాను, నువ్వు నిచ్చెన తీస్తే ఆవిడ దాచేస్తుంది.

ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను, విను. హాల్లో మూడు మ్యాట్లు పక్కపక్కనే వేశారు. మూడింటికీ మూడు గంటలు. వంతెన నా కింద ఉంది. నా చెవి ఆమె గుండెల మీద ఉంది. గంట మోగింది. నా బుర్ర ఏమీ అనుకోలేదు మామయ్యా, చేతులే విన్నాయి, చేతులే తెరుచుకున్నాయి. ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది. హాలంతా చూస్తుండగా ఓడిపోతూ నవ్వాను. ఇదీ నేను దాచింది. నీకోసం సగం, నాకోసం సగం.

నిన్నటిదాకా నీమీద కోపం లేదు. ఇవాళ ఉంది. నువ్వు కూడా ఏదో దాస్తున్నావు. ప్రతి గురువూ మొదటి రోజే చెప్పేది నీకు తెలియక కాదు కదా. మరి ఆ గంటే ఎందుకు పెట్టావు? ఇంకోటి. వీడియో నాలుగుసార్లు చూశావు. ఆ గంట చెవులు చిల్లులు పడేలా మోగింది, మా ఈల సార్ ఫోన్లో వింటే పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. నీకెందుకు వినపడలేదు?

అమ్మని అడిగితే ముందు "భోంచేశావా?" అంది. తర్వాత "మీ మామయ్యనే అడుగు, నా మోచెయ్యి సంగతి కూడా అడుగు" అంది. మెట్ల మీద పడ్డ మోచేతికీ దీనికీ ఏమిటి సంబంధం?

బొంగరం
(అమ్మాయి కాదు)

*

పరుపుల కొట్టు, వెనక గది
ఆదివారం

బొంగరానికి,

నిచ్చెన నిజంగానే దాచేసింది. గంట గోడ మీదే ఉంది.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించాను. ఇది నాలుగోది, చించను.

మీ అమ్మ మెట్ల మీద పడలేదు. ఆ మోచెయ్యి నేను విరిచాను.

నాకు ఇరవై రెండు, దానికి పద్దెనిమిది. ఇదే గది. నాకు సాధన చేయడానికి మనిషి లేకపోతే మీ అమ్మే వచ్చేది, నాకన్నా బాగా ఆడేది కూడా. ఆ రోజు మోచేతి పట్టు వేశాను. ఇక తాళలేననుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళ ఒంటి మీద తట్టాలి. దాని రెండో చెయ్యి నాకు అందలేదు, పరుపు మీద తట్టింది. దూది మీద తడితే చప్పుడేముంటుంది. అప్పుడు నోటితో చెప్పింది, "వదులన్నయ్యా" అని. మూడుసార్లు చెప్పిందట. నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.

అప్పటికి రెండేళ్ళుగా ఎడమ చెవి పనిచేయడం లేదు. కుడిది కూడా మొదలెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెవిటివాడిని పోటీకి ఎవరు రానిస్తారు, చెవిటివాడి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు అని భయం. ఇంట్లో అడిగితే మీ అమ్మ నేను నోరు తెరవకముందే మెట్ల మీద పడ్డానంది. అబద్ధమాడినా అతికినట్టుండాలి అని నీకు రాశాను చూడు, అలాంటిది అదొక్కటే చూశాను. ముప్పై ఏళ్ళు నిలిచింది. ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా రాలేదు. దాని ఆట అక్కడితో ఆగింది. నాది సాగింది.

తర్వాత పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాను. ఎవరైనా "వదులు" అంటే నాకు వినపడదు. ఒకరి చెయ్యి విరిగే దాకా తెలియదు. సినిమా హాలు మూసేస్తుంటే ఆ గంట చూశాను. దాన్ని ఒక్కసారి మోగిస్తే నా పళ్ళు అదిరాయి. ఇదైతే నాకు తెలుస్తుందనుకున్నాను. ఎవరి నోటితోనూ పని లేకుండా, గంటకి అందరూ వదిలెయ్యాలని కట్టడి పెట్టాను. ఈ గదిలో ఆ తర్వాత ఎవరి చెయ్యీ విరగలేదు. పోయింది నీ రెండు సెకన్లే. అవి నా చెవి తీసుకుంది.

ఫోనంటే పడదని కాదు. వినపడదు.

నువ్వు నన్ను ఏమన్నా అను. కాని ఒక్క సంగతి మాత్రం నా దగ్గర ఉంది, నీకు ఇవ్వకుండా ఉంచుకున్నాను, ఇస్తే గుట్టు బయటపడుతుందని. చెవి లేకుండా ఆరేళ్ళు పోటీలాడాను కదా, ఎప్పుడు ఆపాలో నాకెలా తెలిసేదని అడుగు. మోకాలు చెప్పేది. వీపు నేలకి పట్టుకున్నప్పుడు రిఫరీ ఒక చోట ఆగి నిలబడి ఉంటాడు. ఆట ఆపాలంటే ఆయన దగ్గరికి రావాలి. ఆ అడుగు పరుపులోంచి నీ మోకాలికి తెలుస్తుంది, నోటి మాటకన్నా ముందే. గంట గోడ మీదుంటుంది, ఎవరికోసమైనా మోగుతుంది. అడుగు నీ పరుపు మీదే పడుతుంది. మీరు మ్యాట్ అంటారు గాని నాకు అలవాటు పోలేదు. సాధన చేసి చూడు.

మామయ్య

*

హాస్టలు, మూడో అంతస్తు
శుక్రవారం

మామయ్యకి,

జవాబు మూడు వారాలు ఆలస్యమైంది. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నా మొదటి ఉత్తరంలో ఏం రాశానో గుర్తొచ్చి, చెవిటివాడి ముందు శంఖం అని, ఇంకోసారి ఏడ్చాను. తర్వాత, నా చిన్నప్పుడు "మామయ్యా, నాకు జ్వరం" అంటే నువ్వు "శభాష్" అన్నావు చూడు, అది గుర్తొచ్చి నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. గదిలో ఉండే నర్సు అక్క నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

అన్నీ ఇప్పుడు అర్థమవుతున్నాయి. ఎప్పుడూ గోడవైపు ఎడమ చెవి పెట్టి కూర్చోవడం. ఎవరేమన్నా "చూద్దాం లే" అనడం. ఆ "చూద్దాం లే" తోనే మా బడి విహారయాత్రకి నాలుగేళ్ళు వెళ్ళలేదు నేను.

అమ్మతో ఫోన్లో మాట్లాడాను. "కోపం లేదా?" అని అడిగాను. "మొదటి ఏడాది ఉండేది. తర్వాత మీ మామయ్య నా చేత కత్తెర పని చేయించకుండా పదేళ్ళు తనే గుడ్డ కత్తిరించాడు, ఒక్క దిండు గలీబూ తిన్నగా కత్తిరించలేడు. ఇంకేం కోపం" అంది. నాకు మాత్రం నీమీద కోపం ఉంది. చెయ్యి విరిచినందుకు కాదు, ముప్పై ఏళ్ళు ఒక్కడివే మోసినందుకు.

ఇక పని సంగతి. ఈల సార్‌కి అన్నీ చెప్పాను, నీ చెవి తప్ప. ఆయన నేననుకున్నంత మొండి కాదు. చాలాసేపు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా ఆలోచించి, మర్నాడు నాలుగు అలారం గడియారాలు తెచ్చారు. మ్యాట్ చుట్టూ నాలుగు మూలలా పెట్టి, ఎప్పుడు ఏది మోగుతుందో నాకు చెప్పకుండా పట్టు వేయించారు. మొదటి రోజు ఇరవైలో పదమూడుసార్లు నా చేతులు వదిలేశాయి. వద్దనుకుంటూనే వదిలేశాయి. పగలంతా అద్దాల మిషన్ ముందు టింగుమంటే చెయ్యి తియ్యాలి, సాయంత్రం టింగుమంటే తియ్యకూడదు. నా చేతులకి పిచ్చెక్కేలా ఉంది.

అప్పుడు నీ మోకాలి విద్య ప్రయత్నించాను. సార్‌ని చెప్పులు లేకుండా నడవమని, కళ్ళు మూసుకుని పట్టు వేశాను. రెండు వారాలు ఏమీ తెలియలేదు. నిన్న తెలిసింది. ఇంత చిన్నది, ఎవరో పక్క గదిలో తలుపు మూసినట్టు. ఆయన నోరు తెరవకముందే "వచ్చారు" అన్నాను. "ఇదెవరు నేర్పారు?" అన్నారు. "గట్టున పెట్టమన్నారే, ఆ చదువే" అన్నాను. ఆయన నవ్వారు.

ఇప్పుడు బేరం. నేను గంటకి వదలను. నువ్వు చెవులు చూపించుకో. నీ పిల్లలు "వదులు" అంటే వినపడాలా వద్దా? పోటీ నాటికి చెవికి మిషన్ పెట్టుకుని, అమ్మతో కలిసి వచ్చి కూర్చోవాలి. చూద్దాం లే అన్నావంటే ఊరుకోను.

నీ
బొంగరం

*

పరుపుల కొట్టు
సోమవారం

బొంగరానికి,

చెవిటివాడి ముందు శంఖమూదితే, దాన్ని కొరకడం మీ తాతల తరం కాదన్నాడట. మన సామెతే కదా, దానికెందుకు ఏడుపు.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి మీ అమ్మ రెక్క పట్టుకుని తీసుకెళ్ళింది. "ఎన్నాళ్ళనుంచి?" అని ఆవిడ అడిగితే నేను వేళ్ళు లెక్కపెడుతుంటే, మీ అమ్మ "ముప్పై రెండేళ్ళు" అంది. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. మిషన్ పెట్టారు, చిక్కుడు గింజంత ఉంది. నేను ఇన్నేళ్ళూ దాక్కున్నది ఇంత దానికోసమా అనిపించింది.

ఇక వినపడిన వాటి సంగతి. నా చెప్పులు కిర్రుమంటాయి. ఏళ్ళ తరబడి కిర్రుమంటున్నా ఎవరూ చెప్పలేదు. దూది మిషన్ ఇంత రొద చేస్తుందని తెలిస్తే నేను ఈ వ్యాపారంలోకే వచ్చేవాడిని కాదు. కత్తెర గుడ్డలో నడిచేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది, అది మాత్రం చాలా బాగుంది. మీ అమ్మ కుడుతూ తనలో తను పాడుకుంటుంది. నాకు తెలియదు. శ్రుతి లేదు, తాళం లేదు. అయినా నిన్న పని ఆపి, పాట అయ్యేదాకా విన్నాను.

ఇంటర్వెల్ గంట మోగిస్తే నేనే గోడకి అతుక్కుపోయాను. చుట్టుపక్కలవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చాను. దాన్ని దించలేదు గాని కట్టడి మార్చాను. ఇప్పుడు గంట ఎప్పుడు పడితే అప్పుడు మోగుతుంది, ఎవరూ వదలకూడదు. ఎదుటివాళ్ళు తట్టినా, "వదులు" అన్నా, నా అడుగు తెలిసినా మాత్రం వెంటనే వదలాలి. పిల్లల తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి నా చెవి సంగతి చెప్పాను. ఒక్కరు మానిపించారు. తొమ్మిదిమంది ఉన్నారు.

పోటీకి వస్తాం. పై వరసలో కూర్చుంటాం, మాకోసం చూడకు. నీ మోకాలి సంగతి చూసుకో.

మామయ్య

*

హాస్టలు, మూడో అంతస్తు
మంగళవారం

మామయ్యకి,

హాల్లో ఆ గోలలో నీతో నాలుగు మాటలు కూడా కుదరలేదు. నీ మిషన్‌లో రొద ఎక్కువై నువ్వు మొహం చిట్లించుకుంటుంటే, బస్సు వేళైందని అమ్మ లాక్కుపోయింది. అందుకని ఎప్పట్లాగే ఉత్తరం.

సెమీఫైనల్లో మళ్ళీ వంతెనే. రెండో నిమిషంలో కిందపడ్డాం, పక్క పట్టు దొరికింది. నేను లెక్కపెట్టలేదు. ఆమె మూడుసార్లు నడుం ఎత్తింది. అప్పుడు పక్క మ్యాట్ గంట మోగింది. అదే గంట. ఐదు నెలల సాధనా ఏమైపోయిందో, నా కుడిచేతి వేళ్ళు విచ్చుకున్నాయి. పూర్తిగా కాదు, రెండు వేళ్ళు. మోకాలు మాత్రం, ఎవరూ రాలేదంది. నిలబడ్డాయన నిలబడ్డ చోటే ఉన్నారంది. ఆ రెండు వేళ్ళూ మళ్ళీ మూశాను. ఎంతసేపో తెలియదు. తర్వాత నేలలోంచి అడుగు వచ్చింది. ఒకటి, రెండు. నా భుజం మీద చెయ్యి పడ్డాక వదిలాను. ఈసారి నవ్వలేదు. లేచాక వంతెనే నవ్వింది. "పోయినసారి నాకు గంట సాయం చేసింది, నాకు తెలుసు" అని చెవిలో చెప్పి వెళ్ళింది.

ఫైనల్ నువ్వు చూశావు. అదనపు సమయం కూడా ఆడి, చివరికి ఆ పొట్టమ్మాయి నా కాలు ఎప్పుడు లాగిందో నాకే తెలియలేదు. జట్టులో చోటు ఆమెదే. నేను రెండో మనిషిని, ఆమెకి దెబ్బ తగిలితే పిలుస్తారు. క్లబ్బులో చోటు నిలిచింది. ఈల సార్ ఆ రోజు సాయంత్రమే నాకు కాలు లాగితే వేసే ఎదురు పట్టు నేర్పడం మొదలుపెట్టారు.

ఓడినా ఎంత హాయిగా ఉందో చెబితే నమ్మవు. నాకన్నా బాగా ఆడే మనిషి చేతిలో ఓడాను. ఎవరి గంటా కాదు, ఎవరి చెవీ కాదు, అచ్చంగా నా కాలే. దాన్ని బాగుచేసుకోవచ్చు.

ఇంతకీ గంట మోగినప్పుడు నీకు వినపడిందా? అడగాలనుకుని మరిచిపోయాను.

నీ
బొంగరం

*

పరుపుల కొట్టు
శనివారం

బొంగరానికి,

వినపడింది. అదే రాద్దామని కూర్చున్నాను.

పొట్టమ్మాయి సంగతి ముందు. ఆమె కాలు లాగే ముందు ఎడమ భుజం కొద్దిగా దించుతోంది, పైనుంచి చూస్తే తెలిసింది. మూడుసార్లు దించింది. మీ సార్‌కి చెప్పు. నమస్కారాలు కూడా చెప్పు. నా చదువుని గట్టునుంచి దించినందుకు.

ఇక నువ్వు అడిగింది. మేము పై వరసలో చివర ఉన్నాం. నువ్వు పట్టు వెయ్యగానే కంగారులో మీ అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చెయ్యి, ఆ మోచేతి దగ్గరే. అంత గట్టిగా పట్టుకున్నానని నాకు తెలియదు. మీ అమ్మ కూడా ఏమీ అనలేదు. అప్పుడు గంట మోగింది. మిషన్ లోంచి తిన్నగా తలలోకి దిగింది. పిల్లలకి కట్టడి మార్చినవాడిని నేనే కదా, అయినా నా చెయ్యి దానంతట అదే తెరుచుకుంది. కింద నువ్వు వదల్లేదు. పైన నేను వదిలేశాను.

మీ అమ్మ నీమీంచి కళ్ళు తిప్పలేదు. మోచెయ్యి తడుముకుంటూ, పక్కవాళ్ళకి కూడా తెలియనంత చిన్నగా అంది: "ఈసారి వెంటనే వదిలావన్నయ్యా."

హాలంతా అరుస్తోంది. అయినా ఒక్కసారి చెబితేనే నాకు వినపడింది.

మామయ్య